అత్త మీద కోపం దుత్త మీద: ఒకే ఇంటి పిల్లులు ఉన్నట్టుండి కొట్టుకుంటే

పెంపుడు జంతువుల శీర్షిక: మీరు అడిగారు, మేం చెబుతున్నాం

ఈసారి ఉత్తరాల్లోంచి ఒకే గొడవ చుట్టూ తిరిగేవాటిని ఏరి పెట్టాం. నిన్నటిదాకా కలిసి పడుకున్న పిల్లులు ఇవాళ ఒకదాన్నొకటి చూసి బుస కొట్టడం.

ప్రశ్న: మా ఇంట్లో ఒకే ఈతలో పుట్టిన పిల్లులు రెండున్నాయి, ఒకటి మగది, ఒకటి ఆడది. నాలుగేళ్లు నిండాయి, రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. పోయిన ఆదివారం రాత్రి వంటింటి కిటికీ అవతల ప్రహరీ మీద వీధి గండుపిల్లి కూర్చుని అరిచింది. మావాడు ఒళ్లంతా ఉబ్బించి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఏమిటా అని చెల్లి వెనక నుంచి వచ్చేసరికి దాని మీద పడి కరిచేశాడు. అప్పటి నుంచి అది మంచం కింద నుంచి బయటికి రావడం లేదు. కలిసిపోతాయని రెండింటినీ ఒళ్లో కూర్చోబెట్టుకున్నాం, మళ్లీ కొట్టుకున్నాయి. ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చేయాలా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఇచ్చేయనక్కర్లేదమ్మా. ముందు ఆ ఒళ్లో కూర్చోబెట్టే రాజీ మానండి.

అత్త మీద కోపం దుత్త మీద అంటామే, మీ ఇంట్లో జరిగింది అచ్చంగా అదే. అన్నకి కోపం గండుపిల్లి మీద. మధ్యలో కిటికీ ఉంది కాబట్టి అది అందలేదు, అందింది చెల్లి. ఆ చోట మీ కాలుంటే మీ కాలే కరిచేది. పశువైద్యులు దీన్ని రీడైరెక్టెడ్ అగ్రెషన్ అంటారు. స్టీలు పళ్లెం జారి పడినా, దీపావళి బాంబు పేలినా, ఇంట్లోకి కొత్త కుక్క వచ్చినా ఇదే జరగొచ్చు.

గండుపిల్లి ఐదు నిమిషాల్లో వెళ్లిపోయి ఉంటుంది. మీవాడి ఒంట్లో ఉద్రేకం మాత్రం గంటల కొద్దీ, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు కూడా దిగదు. ఆలోపు చెల్లి కనబడితే మళ్లీ అదే రగులుతుంది. చెల్లికేమో తనెందుకు దెబ్బలు తిన్నదో తెలీదు. అన్న కనబడగానే బుస కొడుతుంది, పరుగెడుతుంది. పరుగెత్తేదాన్ని తరమడం పిల్లి నైజం. ఒక్క రాత్రి దెబ్బలాట మూడో రోజుకి పాత పగలా తయారయ్యేది ఇలాగే. మీరు ఒళ్లో పెట్టుకున్నప్పుడు దానికి ఇంకో ముడి పడింది, అంతే.

ఇవాళే చేయాల్సింది: రెండింటినీ వేరు వేరు గదుల్లో ఉంచి తలుపు వేయండి. అన్నని అంతగా వాడని గదిలో పెట్టండి, చెల్లికి తన మామూలు చోటు వదలండి. దెబ్బ తిన్నదాన్నే మూల గదిలో దాస్తే, బయటికొచ్చేసరికి ఇల్లంతా వాడిదైపోతుంది. ప్రతి గదిలోనూ నీళ్లు, తిండి, లిట్టర్ ట్రే, దూరడానికి ఒక అట్టపెట్టె ఉండాలి. తిండికీ ట్రేకీ మధ్య వీలైనంత దూరం ఉంచండి. మొదటి రోజు అన్న గదిలో లైటు తగ్గించి వదిలేయండి. బుజ్జగించడానికి ఎత్తుకోవద్దు, మనుషులు ఎక్కువగా కరిపించుకునేది అప్పుడే. తనంతట తాను తిని, ఒళ్లు నాక్కుని, మీ కాళ్లకి రాసుకుంటే చల్లబడినట్టు.

చెల్లి ఒళ్లంతా వేళ్లతో తడిమి చూడండి, ముఖ్యంగా మెడ, ముందు కాళ్లు, తోక మొదలు. పిల్లి కోర దిగిన రంధ్రం చిన్నది, పైన ఒకటి రెండు రోజుల్లో పూడిపోతుంది, లోపల చీము పడుతుంది. మూడు నాలుగు రోజులకి వాపు, జ్వరం, తిండి మానడం కనిపిస్తే అదే. డాక్టరు దాన్ని కోసి శుభ్రం చేసి యాంటీబయాటిక్ ఇవ్వాలి, పసుపు అద్దితే సరిపోదు. గాయం లేకపోయినా 24 గంటలు దాటి ఏమీ తినకపోతే చూపించండి. పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదం ఉంది, లావుపాటి పిల్లికి మరీను.

తర్వాత మళ్లీ పరిచయం. ఇవి రెండూ కొత్త పిల్లులే అనుకుని మొదలుపెట్టండి.

మొదట వాసన. పిల్లికి ముఖం కంటే వాసనే గుర్తు. శుభ్రమైన పాత మేజోడుతో అన్న చెంపలు, గడ్డం కింద మెల్లగా రుద్ది, చెల్లి తిండి గిన్నెకి మూడడుగుల దూరంలో పెట్టండి. చెల్లిది ఇంకో మేజోడుతో అన్న దగ్గర. వాసన చూసి తిండి మీదకి తిరిగితే మర్నాడు కొంచెం దగ్గరగా జరపండి. బుస కొడితే దూరం పెంచండి. పడుకునే గుడ్డలు కూడా మార్చుతూ ఉండండి. రోజుకొకసారి గదులు మార్చండి, ఒకదాని కంట ఒకటి పడకుండా.

అది సాఫీగా నడిచాక, మూసిన తలుపుకి ఇటొకటి అటొకటి తిండి. మొదటి పూట గిన్నెలు తలుపుకి ఆరడుగుల దూరంలో. రెండూ ప్రశాంతంగా తింటే తర్వాతి పూట అర అడుగు ముందుకు. తినడం ఆపి తలుపు వంకే చూస్తుంటే మీరు తొందరపడ్డట్టు, అడుగు వెనక్కి తీసుకోండి. ఈ పూటల్లో మామూలు తిండి కాకుండా వాటికి ప్రాణం లేచొచ్చేదేదో పెట్టండి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించి ఎముకలు తీసేసిన కోడి మాంసం సరిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, పిల్లి ఎర్ర రక్తకణాలు వాటికి తట్టుకోలేవు.

గిన్నెలు తలుపు దాకా వచ్చాక చూపు. మీకు ఇనుప మెష్ తలుపు ఉంటే చాలా అనువు. దాని మీద పాత చీర కట్టి, కింద నుంచి రోజుకి రెండు మూడు అంగుళాల చొప్పున పైకి లేపుతూ రండి. నైలాన్ దోమతెరని నమ్మొద్దు, ఒక్క పంజాకి చిరుగుతుంది. మెష్ లేకపోతే తలుపు రెండంగుళాలే తెరిచి, ఇటూ అటూ కదలకుండా గట్టిగా ఆపండి. చూపు మొదలైన రోజు గిన్నెల్ని మళ్లీ ఆరడుగుల దూరానికి లాగండి. చాలామంది తడబడేది ఇక్కడే. తలుపుకి ఆనుకుని తిన్నాయి కదా అని గిన్నెలు అక్కడే ఉంచి చీర ఎత్తేస్తారు, వారం కష్టం బూడిదపాలవుతుంది.

చివరగా ఒకే గదిలో. ఇద్దరు మనుషులు ఉండాలి, చేతికందేలా పెద్ద అట్టముక్క ఉండాలి. పది పన్నెండు అడుగుల ఎడంలో తిండి, లేదా ఇద్దరి చేతుల్లో రెండు ఈకల కర్రలు. ఐదు నిమిషాలు చాలు. గిన్నె ఖాళీ అయ్యేలోపే ఒకదాన్ని బయటికి మళ్లించండి. తిండి అయిపోయాకే చూపులు కలుస్తాయి, చూపులు కలిశాకే గొడవ. ఈ ఐదు నిమిషాలు మెల్లగా అరగంట, పూట, పగలంతా కావాలి. రాత్రిపూట, మీరు ఇంట్లో లేనప్పుడు వేరుగా ఉంచడం అన్నిటికంటే ఆఖరున మానాల్సింది.

ఎన్నాళ్లు? గొడవ అయిన గంటలోనే విడదీసి ఉంటే రెండు మూడు రోజుల్లో తేలిపోయేది. మీ ఇంట్లో ఇప్పటికే రెండు సార్లు కొట్టుకున్నాయి కాబట్టి మూడు నుంచి ఆరు వారాలు పెట్టుకోండి. మధ్యలో ఒక బుస వినబడితే కంగారు వద్దు, అది దూరంగా ఉండమని చెప్పడమే. పంజా లేచినా, తరిమినా ఒక మెట్టు కాదు, రెండు మెట్లు వెనక్కి దిగండి.

ఇదంతా చేసి కిటికీని వదిలేస్తే మళ్లీ మొదటికే. అద్దం కింది భాగం రెండు మూడడుగుల మేర మసక స్టిక్కర్ గానీ అట్ట గానీ అతికించండి. ప్రహరీ దగ్గర చేపల తలకాయలు, మిగిలిన అన్నం వేసే అలవాటుంటే అది ఆపండి, లేదా వీధి చివరకి మార్చండి. గండుపిల్లి గుమ్మం మీద ఉచ్చ చిమ్మి ఉంటే సబ్బు నీళ్లతో కడిగి, పెంపుడు జంతువుల షాపులో దొరికే ఎంజైమ్ క్లీనర్ వేయండి. ఫినాయిల్ వద్దు. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి రసాయనాల్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు, పాదాలకి అంటినవి నాకితే విషమే. బ్లీచింగ్ కూడా వద్దు, ఉచ్చలోని అమ్మోనియాతో కలిసి ఘాటైన విషవాయువు లేస్తుంది.

ప్రశ్న: పిల్లులు కొట్టుకుంటుంటే విడదీయబోయి చెయ్యి కరిపించుకున్నాను. రెండు పళ్లు దిగాయి. మా పిల్లికి టీకాలు వేయించాం. నేను ఇంజెక్షన్ వేయించుకోవాలా? అసలు ఎలా విడదీయాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రేబిస్ టీకా వేయించుకోవాలి. ఈ పత్రిక మీ చేతికి వచ్చేదాకా ఆగి ఉంటే ఇంక ఒక్క పూట కూడా ఆగొద్దు. కరిచిన వెంటనే పంపు కింద ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, మనం అనుకునే పదిహేను నిమిషాలు రెండు నిమిషాలే ఉంటాయి. కారం, సున్నం, కాఫీ పొడి పెట్టకూడదు, కట్టు బిగించకూడదు. పిల్లికి టీకా ఉందన్న ధైర్యంతో మీ టీకా ఆపకండి, పిల్లిని పది రోజులు గమనించడం దానితో పాటు జరగాల్సిందే తప్ప దాని బదులు కాదు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో, కండకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో డోసులుంటాయి (0 అంటే మొదటి డోసు రోజు). పళ్లు దిగి రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల సూది) సంగతి కూడా డాక్టరే చూస్తారు. ధనుర్వాతం సూది సంగతి అడగండి. రేబిస్ కంటే తరచుగా జరిగేది వేరే ఉంది: పిల్లి నోటిలోని పాశ్చురెల్లా అనే బాక్టీరియాతో ఒక్క రోజులోనే చెయ్యి ఎర్రగా వాచి సలపడం. వేలి కీలు దగ్గర కాటైతే అసలు తేలిగ్గా తీసుకోవద్దు.

విడదీయడానికి చెయ్యి, కాలు పనికిరావు. పెద్ద అట్టముక్క, దిండు, పీట ఏదైనా మధ్యలోకి తోయండి. ఒకదాన్నొకటి చూడకపోతే పట్టు వదులుతాయి. లేదా మందపాటి దుప్పటి ఒకదాని మీద వేసి అలాగే తలుపు అవతలికి జరపండి. కేకలు పెట్టడం, చీపురుతో కొట్టడం వల్ల ఉద్రేకం పెరుగుతుంది. పైగా ఆ దెబ్బని రెండో పిల్లి ఖాతాలో రాసుకుంటుంది. ఈసారి నుంచి ప్రతి గది తలుపు వెనకా ఒక అట్ట ఆనించి పెట్టుకోండి.

ప్రశ్న: అది ఆటో, గొడవో తెలిసేదెలా? మా రెండూ రోజూ కుస్తీ పడతాయి.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చప్పుడు వినండి. ఆట దాదాపు నిశ్శబ్దంగా సాగుతుంది, కాసేపు ఇది పైన, కాసేపు అది పైన, గోళ్లు లోపలే, మధ్యలో ఆగి ఒళ్లు నాక్కుంటాయి. గొడవలో సాగదీసిన ఏడుపు, చెవులు తలకి అంటుకుపోవడం, తోక సీసాలు కడిగే బ్రష్షులా ఉబ్బడం, నేల మీద వెంట్రుకల కుచ్చులు. ఎప్పుడూ ఒకటే తరిమి, ఎప్పుడూ ఒకటే దాక్కుంటుంటే చప్పుడు లేకపోయినా అది ఆట కాదు.

ప్రశ్న: చిన్నదానికి పళ్ల వైద్యం చేయించి సాయంత్రం ఇంటికి తెచ్చాం. పెద్దది దాన్ని చూసి పరాయి పిల్లిలా బుస కొట్టి మీద పడింది. ఆరేళ్ల స్నేహం!
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పరాయి పిల్లే మరి. వెళ్లింది చిన్నదే, తిరిగొచ్చింది మాత్రం స్పిరిట్, మందు, కుక్కలు, భయం కలిసిన వాసన. మత్తు దిగక నడక కూడా తూలుతుంటుంది. పెద్దది ఆ వాసనతోనే పోట్లాడింది.

ఆసుపత్రి నుంచి తెచ్చిన పిల్లిని నేరుగా హాల్లో వదలకూడదు. ఒక గదిలో 12 నుంచి 24 గంటలు ఉంచి, మత్తు పూర్తిగా దిగాక, ఇంట్లో రెండూ పడుకునే గుడ్డతో దాని ఒళ్లు తుడవండి. అప్పటికీ బుస వస్తే పైన చెప్పిన మేజోడు, తలుపు పద్ధతి కొన్ని రోజులు నడపండి, ఇలాంటివి ఎక్కువగా వారంలోపే సర్దుకుంటాయి. రెండింటికీ ఒకే పౌడరు పూస్తే సరి అనే సలహా చాలాచోట్ల తిరుగుతోంది. పూస్తే రెండూ దాన్నే నాకుతాయి, పైగా రెండూ ఒకదానికొకటి పరాయివైపోతాయి. ఏటా టీకాలకి వీలైతే రెండింటినీ ఒకేసారి, వేరు వేరు బుట్టల్లో తీసుకెళ్లండి. బుట్టని అటక మీద దాచకుండా ఏడాది పొడవునా గుడ్డ వేసి తలుపు తీసి నేల మీదే ఉంచితే, అది ఇంటి వాసన పట్టి పిల్లికి పడక అవుతుంది.

ప్రశ్న: మా మూడు పిల్లులు ఎప్పుడూ కొట్టుకోవు. కానీ ఒకటి బీరువా మీద నుంచి దిగదు, నెల నుంచి సోఫా మీద ఉచ్చ పోస్తోంది. దానికి పొగరా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పొగరు కాదు, బాత్రూముకి దారి లేదు. ట్రే ఎక్కడుందో చూడండి. వరండా చివర, ఒకే సందు గుండా వెళ్లాల్సిన చోట ఉందా? ఆ సందులో ఇంకో పిల్లి తాపీగా పడుకుని ఉంటుందా? మనకి అది నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది. అది కాపలా. రెప్ప వేయకుండా చూడటం, గుమ్మంలో అడ్డంగా పడుకోవడం, గిన్నె దగ్గరికి రాగానే రెండోది లేచి వెళ్లిపోవడం, ఇవన్నీ రక్తం రాని దెబ్బలాటే. ఉత్తరాల్లో కొట్టుకునే పిల్లుల గురించే రాస్తారు గానీ, మా దృష్టిలో ఇదే ఎక్కువ ఇళ్లలో ఉంది, ఎక్కువ కాలం సాగేదీ ఇదే.

మూడు పిల్లులకి నాలుగు ట్రేలు కావాలి. నాలుగూ ఒకే వరసలో పెడితే పిల్లి లెక్కలో అది ఒక్కటే. కనీసం రెండు గదుల్లో, రెండు వైపులా దారి ఉండేలా పెట్టండి. పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఎంతుందో దానికి ఒకటిన్నర రెట్లు పొడవు ట్రే కావాలి. షాపుల్లో అమ్మేవి చాలావరకు చిన్నవి, వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు నయం. ఇసుక రెండు మూడు అంగుళాల లోతు, రోజుకి రెండు సార్లు ఎత్తేయడం, మూత లేకుండా. మూతున్న ట్రేలో దూరిన పిల్లికి బయట ఎవరు కాచుకుని ఉన్నారో కనబడదు. గిన్నెలు కూడా పక్కపక్కన పెట్టకండి, ఒకదానికొకటి కనబడని మూడు చోట్ల పెట్టండి.

బీరువా మీద ఉన్నదాన్ని దింపకండి. ఎక్కడానికీ దిగడానికీ రెండు వేరు దారులు చేయండి, ఒకవైపు స్టూలు, ఇంకోవైపు గోడకి కొట్టిన చెక్క. అట్టపెట్టెలకి కూడా రెండు వైపులా రంధ్రాలు కోయండి, ఒక్క తలుపున్న పెట్టె బోనే. కాపలా కాసేదాన్ని రోజూ రెండు పూటలా పది నిమిషాలు ఈకల కర్రతో అలిసేదాకా ఆడించి, వెంటనే తిండి పెట్టండి. ఈలోగా ఒకసారి ఉచ్చ పరీక్ష చేయించడం మరవొద్దు, మూత్రసంచిలో మంట ఉన్నా సోఫా మీదే పోస్తుంది. మీది మగపిల్లైతే, మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే అది అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సంగతి. దారి మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

ప్రశ్న: పదకొండేళ్ల పిల్లి. సాధువు. ఈ మధ్య చిన్నది దగ్గరికొస్తే చాలు కొడుతోంది.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: పరిచయం, మేజోడు అన్నీ పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముసలి పిల్లికి ఉన్నట్టుండి కోపం వచ్చిందంటే ఎక్కడో నొప్పి ఉందని అనుకుని వెతకాలి. నోరు చూపించండి: పంటి మొదట్లో కుళ్లు, చిగుళ్ల వాపు. కీళ్లు: ఒక్క దూకులో ఎక్కే మంచాన్ని ఇప్పుడు కుర్చీ మీదుగా ఎక్కుతోందా? బాగా తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్ ఎక్కువై ఉండొచ్చు, టీ4 అనే రక్తపరీక్షతో తెలుస్తుంది. రక్తపోటు చూడమని మీరే అడగండి, అది పెరిగి చూపు మందగించిన పిల్లి, పక్కన ఏది కదిలినా ఉలిక్కిపడి కొడుతుంది.

నొప్పేమో అని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్రం ముట్టించొద్దు. దాన్ని విరిచే ఎంజైము పిల్లికి చాలినంత లేదు. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర చాలు చంపడానికి.

ప్రశ్న: తొమ్మిది నెలల అన్నదమ్ములు, ఇద్దరూ మగవే, నెల నుంచి రక్తాలొచ్చేలా కొట్టుకుంటున్నారు. ఆపరేషన్ చేయిస్తే తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: చాలావరకు తగ్గుతుంది, ఇద్దరికీ చేయిస్తేనే. ఒకడికే చేయిస్తే రెండోవాడికి అలుసు. ఐదారు నెలలకే చేయించాల్సింది, ఇప్పటికీ మించిపోలేదు. హార్మోను దిగడానికి, అలవాటు చల్లారడానికి కొన్ని వారాలు పడుతుంది, అందుకని ఆపరేషన్ మర్నాడే కలిపేయొద్దు. ఆ వారాల్లో వేరుగా ఉంచి, హైదరాబాద్ పాఠకుడికి చెప్పినట్టు వాసన సర్ది, తర్వాత తలుపు పద్ధతి మొదలుపెట్టండి.

ప్రశ్న: మందుతో శాంతపరచొచ్చా? సువాసన నూనెలు, నిద్రమాత్ర అని తలా ఒకటి చెబుతున్నారు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: నూనెలు వద్దు. టీ ట్రీ, యూకలిప్టస్, లవంగ నూనె వంటివి పిల్లి ఒంటికి పడవు, పీల్చినా, ఒంటికంటినవి నాకినా ప్రమాదమే. మనుషుల నిద్రమాత్ర అసలే వద్దు. ప్లగ్గులో పెట్టే ఫెరోమోన్ డిఫ్యూజర్లు (పిల్లులు వదిలే శాంత సంకేతాల నకలుని గదిలోకి వదిలే పరికరాలు) కొన్ని ఇళ్లలో పనిచేస్తాయి, కొన్నింట్లో చేయవు. గదులు వేరు చేయకుండా వాటి మీదే ఆధారపడితే డబ్బు దండగ. నెలన్నర పాటు పద్ధతిగా పరిచయం నడిపినా ఫలితం లేకపోతే అప్పుడు మందుల సంగతి డాక్టరుతో మాట్లాడండి. ఆందోళన తగ్గించే మందుల్లో గాబాపెంటిన్ గంట రెండు గంటల్లో పనిచేస్తుంది, ఫ్లూఓక్సెటిన్ వంటివాటికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఇష్టం వచ్చినప్పుడు ఆపకూడదు. మోతాదు పిల్లి బరువుని బట్టి, ముందు రక్తపరీక్ష చూసి డాక్టరే రాయాలి. కొట్టేదానికి కాకుండా, భయంతో నక్కి ఉండేదానికి మందు రాస్తే ఆశ్చర్యపోకండి. అది పరుగెత్తడం మానితే రెండోదానికి తరమడానికి ఏమీ మిగలదు.